కాలేజీ ఫుట్‌బాలా, ప్రో బేస్‌బాలా? డ్రాఫ్ట్‌కి ముందే తేల్చుకోవడం ఎలా

అమెరికాలో హైస్కూల్ ఆఖరి ఏడాది చదువుతున్న కుర్రాడు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఫుట్‌బాల్ (హెల్మెట్ పెట్టుకుని ఆడే అక్కడి ఫుట్‌బాల్), ఫిబ్రవరి నుంచి మే దాకా బేస్‌బాల్. రెండింట్లోనూ దిట్ట. ఒక పక్క పెద్ద యూనివర్సిటీ స్కాలర్‌షిప్ ఇచ్చి క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసురుతూ జట్టు ఆట నడిపించేవాడిగా) రమ్మంటోంది. ఇంకో పక్క మేజర్ లీగ్ బేస్‌బాల్ (అక్కడి అత్యున్నత ప్రో లీగ్) స్కౌట్లు, అంటే జట్లకి ఆటగాళ్లని వెతికేవాళ్లు, ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటున్నారు. జూలైలో డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం. ఎటు వెళ్లాలి?

డాలస్ దగ్గర పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్‌ని నేను. ఇలాంటి ఇళ్లలో డైనింగ్ టేబుల్ దగ్గర చాలాసార్లు కూర్చున్నాను. దాదాపు అందరూ ఒకే మెట్టు దగ్గర జారుతున్నారు, కింద చెప్పే నాలుగో మెట్టు దగ్గర. మిగతావన్నీ ఎవరైనా చేసుకోగలిగినవే. ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్ వైపు పిల్లల లీగుల్లో జెర్సీల వెనక ఇప్పుడు మన ఇంటిపేర్లూ కనిపిస్తున్నాయి కాబట్టి, ఇది మనకి సంబంధం లేని విషయమని పక్కన పెట్టేయకండి.

1. కాగితాలు సిద్ధం చేసుకోండి

మార్కుల లిస్టు, ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) ఎలిజిబిలిటీ సెంటర్ రిజిస్ట్రేషన్, కాలేజీ ఇచ్చిన ఆర్థిక ఒప్పందం, భుజానికీ మోచేతికీ ఎప్పుడైనా తీసిన స్కాన్‌లు. అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను కూడా ఉండాలి. ల్యాప్‌టాప్‌లో చేస్తామంటే నేను ఒప్పుకోను. స్ప్రెడ్‌షీట్‌లో అంకె మార్చడం మరీ తేలిక. ఇక్కడ మనకి కావలసింది మారని అంకె.

2. తేదీలు చూసుకోండి

ఫుట్‌బాల్ సంతకాలు డిసెంబరులో మొదలవుతాయి. సంతకం చేసిన కుర్రాడిని జనవరిలోనే క్యాంపస్‌కి వచ్చేయమని చాలామంది కోచ్‌లు అడుగుతారు. బేస్‌బాల్ మీద ఏ కాస్త ఆశ ఉన్నా జనవరిలో చేరకూడదు. అప్పుడు వెళ్లిపోతే స్కౌట్లు చూసే ఆఖరి సీజనే పోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. డ్రాఫ్ట్‌కి అర్హుడు కావాలంటే హైస్కూల్ పూర్తి చేసి ఉండాలి, కాలేజీలో ఇంకా చేరి ఉండకూడదు. నాలుగేళ్ల కాలేజీలో చేరాక మూడో ఏడాది పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా మళ్లీ డ్రాఫ్ట్ లేదు.

డ్రాఫ్ట్ జూలైలో, 20 రౌండ్లు. జూలై చివరికో ఆగస్టు మొదటికో సంతకం గడువు ముగుస్తుంది. ఫుట్‌బాల్ క్యాంపు మొదలయ్యేదీ అప్పుడే.

3. సలహాదారుని పెట్టుకోండి

బేస్‌బాల్‌లో ఈయన్ని అడ్వైజర్ అంటారు, నిజానికి ఏజెంటే. హైస్కూల్ నుంచి డ్రాఫ్ట్ అయ్యే కుర్రాడు ఏజెంట్‌తో బేరం చేయించుకోవచ్చని 2016 నుంచి ఎన్‌సీఏఏ ఒప్పుకుంటోంది. సంతకం చేయకుండా కాలేజీకి వెళ్తే మాత్రం ఆ బంధం అక్కడితో తెంచుకోవాలి. మామూలుగా బోనస్‌లో 5 శాతం దాకా తీసుకుంటాడు. కుర్రాడు సంతకం చేస్తేనే ఆయనకి డబ్బు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ ఆ సంగతి గుర్తుపెట్టుకునే ఆయన మాట వినండి.

4. నంబర్ తేల్చండి

అసలు పని ఇదే. ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి స్కౌటూ ఒకే ప్రశ్న అడుగుతాడు: “మీ నంబర్ ఎంత?” ఫుట్‌బాల్ వదిలేసి మా దగ్గర సంతకం చేయడానికి ఎంత కావాలి అని దాని అర్థం.

ఎందుకు అడుగుతారో ముందు తెలుసుకోండి. మొదటి 10 రౌండ్లలో ప్రతి పిక్‌కీ (జట్టు ఆటగాడిని ఎంచుకునే వంతుకి) లీగ్ ఒక విలువ కడుతుంది, దాన్ని స్లాట్ అంటారు. ఆ స్లాట్లన్నీ కలిపితే జట్టు ఖర్చు పెట్టగలిగే మొత్తం. అది దాటితే పన్ను పడుతుంది. 5 శాతం మించి దాటితే రాబోయే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పిక్ కూడా పోతుంది. అందుకే జట్లు ఒకరి దగ్గర మిగిల్చి ఇంకొకరికి పెడతాయి. 2021లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ చేసింది చూడండి. మొట్టమొదటి పిక్ హెన్రీ డేవిస్ స్లాట్ 84 లక్షల డాలర్లు, ఆయనతో 65 లక్షలకి కుదుర్చుకున్నారు. అలా మిగిల్చుకోబట్టే క్లెమ్సన్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా వెళ్లాల్సిన బబ్బా చాండ్లర్‌కి మూడో రౌండ్లో 30 లక్షలు ఇవ్వగలిగారు. ఆ పిక్ స్లాట్ 9 లక్షలైనా లేదు. అదే ఏడాది పెన్ స్టేట్ ఫుట్‌బాల్‌కి మాటిచ్చిన లోనీ వైట్ జూనియర్ కూడా 15 లక్షలకి వాళ్ల దగ్గరే సంతకం చేశాడు. ఫుట్‌బాల్ అనే రెండో దారి చేతిలో ఉన్న కుర్రాడికి బలం ఎక్కువ, కాకపోతే నంబర్ స్పష్టంగా ఉంటేనే. నంబర్ తెలియని కుర్రాడి కోసం ఏ జట్టూ పక్కవాడి దగ్గర డబ్బు మిగల్చదు.

ఇంతకీ నంబర్ ఎలా తేల్చాలి? చాలామంది అడ్వైజర్లు మార్కెట్ చూసి చెప్తారు: పోయిన ఏడాది ఇలాంటి పిచ్చర్‌కి ఇంత వచ్చింది, మనమూ అంతే అడుగుదాం అని. ఈ పద్ధతి నాకు నచ్చదు. అది ఇంకొకరి ఇంటి నంబర్. కొందరు తండ్రులు మంచి చెడ్డలు రెండు వరుసల్లో రాసి మార్కులు వేస్తారు. దానివల్లా ఏమీ తేలదు, ఎందుకంటే ఏ వరుస గెలవాలో రాసేవాళ్లకి ముందే తెలుసు.

నా పద్ధతి ఇది. కుర్రాడు బేస్‌బాల్‌కే వెళ్లాడు. ఐదేళ్లు కష్టపడ్డాడు. మేజర్ లీగ్ చేరకుండానే 23 ఏళ్లకి జట్టు వదిలేసింది. ఆ రోజు ఇంటికొచ్చి ఇదే టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు, “అయినా పర్లేదు, అప్పుడు తీసుకున్న నిర్ణయం సరైనదే” అని అనగలిగేంత డబ్బు ఎంత? అదే నంబర్. కలలు కన్న మొత్తం కాదు, ఆట కలిసిరాకపోయినా చాలనిపించే మొత్తం.

దీన్ని చేతికొచ్చే డబ్బులోనే లెక్కకట్టాలి. 10 లక్షల డాలర్ల బోనస్ అంటే 10 లక్షలు కాదు. ఏజెంట్‌కి 50 వేలు. ఒకే ఏడాదిలో చేతికొస్తే ఫెడరల్ ఆదాయపు పన్ను దాదాపు 3 లక్షల 20 వేలు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి ఇంకో 32 వేలు. సంతకం బోనస్ మీద ఇవి పడవని ఇప్పటికీ కొందరు చెప్తుంటారు, కానీ 2004 నుంచి ఐఆర్‌ఎస్ (అక్కడి ఆదాయపు పన్ను శాఖ) మాట స్పష్టం: పడతాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఇక్కడితో ఆగుతుంది, దాదాపు 6 లక్షలు మిగులుతాయి. కాలిఫోర్నియాలో ఉంటే ఇంకా తగ్గుతుంది. బోనస్‌ని రెండు క్యాలెండర్ ఏడాదుల్లో రెండు వాయిదాలుగా తీసుకుంటే పన్ను కొంత తగ్గుతుంది, అది తప్పకుండా అడగండి.

ఆ తర్వాత జీతం మీద ఆశ పెట్టుకోకండి. మేజర్ లీగ్‌కి కింద మెట్లుమెట్లుగా ఉండేది మైనర్ లీగ్. 2023లో కుదిరిన ఒప్పందంలో అక్కడి కనీస జీతం కింది మెట్టు లో-ఏలో ఏడాదికి 26,200 డాలర్లు, డబుల్-ఏలో 30,250, పై మెట్టు ట్రిపుల్-ఏలో 35,800. ఉండడానికి చోటు ఇప్పుడు జట్లే చూపిస్తున్నాయి, అదొక్కటే ఊరట. ఒకసారి కుర్రాడిని ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ మ్యాచ్‌కి తీసుకెళ్లండి. అది మేజర్ లీగ్ జట్టు టెక్సాస్ రేంజర్స్‌కి డబుల్-ఏ జట్టు. ఆట చూస్తే చాలదు, అయిపోయాక ఆగండి. ప్రత్యర్థి జట్టు కుర్రాళ్లు తడి జుట్టుతో, ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో తిండి డబ్బాతో బస్సెక్కుతుంటారు. ఐదేళ్లు ఇలా ఉండగలవా అని అప్పుడు అడగండి. స్కౌట్ తెచ్చే రంగుల పుస్తకంలో ఆ బస్సు ఉండదు.

ఫుట్‌బాల్ వైపు లెక్క కూడా అంత నిజాయితీగానే వేయాలి. ఇదివరకు అటు స్కాలర్‌షిప్ ఒక్కటే ఉండేది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా డబ్బిస్తున్నాయి, మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కే. కాబట్టి ఐదారేళ్ల కిందటి సలహాలు ఇప్పుడు పనికిరావు. ఏడాదికి ఎంతిస్తారో కాలేజీ కాగితం మీద చూపించిందే లెక్కలోకి తీసుకోండి, కోచ్ నోటిమాటని వదిలేయండి. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రో ఫుట్‌బాల్ లీగ్) లోకి హైస్కూల్ అయిన మూడేళ్ల దాకా ఎవరినీ తీసుకోరన్నది, ఫుట్‌బాల్ దెబ్బలు ఎలా ఉంటాయన్నది కూడా ఈ లెక్కలోవే.

చదువు సంగతి. గుంటూరు నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి మొదట అడిగేది అదే, అడగాల్సిందీ అదే. సంతకం చేసేటప్పుడు కాంట్రాక్టులో కాలేజీ స్కాలర్‌షిప్ ప్లాన్ రాయించుకోవచ్చు, ఆట మానేశాక చదువు ఖర్చు జట్టే భరిస్తుంది. కానీ ఆట వదిలిన రెండేళ్లలోపు చదువు మొదలుపెట్టాలి. ఎన్ని సెమిస్టర్లు, ఒక్కో సెమిస్టర్‌కి ఎన్ని డాలర్లు అన్నది బేరంలోనే తేలాలి. ఆ అంకె ఖాళీగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

ఇక బేస్‌బాల్‌కి వెళ్తే ఫుట్‌బాల్ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుందనుకోవడం తప్పు. ఒక ఆటలో ప్రొఫెషనల్ అయినవాడు ఇంకో ఆటలో కాలేజీకి ఆడొచ్చు. బ్లూ జేస్ 1990లో తీసుకున్న క్రిస్ వైంకీ ఏళ్లకేళ్లు మైనర్ లీగ్‌లో ఆడి, 1997లో ఫ్లోరిడా స్టేట్‌కి వెళ్లి, 2000లో 28 ఏళ్ల వయసులో హైస్‌మన్ ట్రోఫీ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చేది) గెలిచాడు. యాంకీస్ 2002లో తీసుకున్న బ్రాండన్ వీడెన్ తర్వాత ఓక్లహోమా స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్ అయి, 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి రౌండ్లో వెళ్లాడు. ఇవి అరుదు. నంబర్‌ని తగ్గించుకోవడానికి వీటిని సాకుగా వాడకండి.

గెలిచిన కథ ఒక్కటే చూసి నంబర్ కట్టకండి. జో మావర్ 2001లో ఫ్లోరిడా స్టేట్ ఫుట్‌బాల్ వదిలి 51.5 లక్షలకి ట్విన్స్‌లో చేరి 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. బబ్బా స్టార్లింగ్ 2011లో నెబ్రాస్కా క్వార్టర్‌బ్యాక్ చోటు వదిలి రాయల్స్ దగ్గర 75 లక్షలు తీసుకున్నాడు. మేజర్ లీగ్‌లో మొదటిసారి ఆడింది 2019లో, ఆడిన సీజన్లు రెండే. కానీ నా పరీక్షకి పెడితే స్టార్లింగ్ ఇంటి నంబర్ కూడా సరైనదే. ఆట అనుకున్నట్టు సాగకపోయినా ఆ మొత్తం చాలు.

చివరిగా, కుర్రాడు తన నంబర్ తానే, ఒంటరిగా గదిలో కూర్చుని రాయాలి. అమ్మానాన్నలు విడిగా రాయాలి. తర్వాత మూడూ పక్కపక్కన పెట్టండి. కుర్రాడి అంకె మరీ తక్కువుంటే వాడికి బేస్‌బాల్ అంటే ప్రాణం. అప్పుడు పెద్దవాళ్లే దిగిరావాలి. మరీ ఎక్కువుంటే వాడు ఫుట్‌బాల్ ఎంచుకున్నాడనే అర్థం, పైకి చెప్పలేకపోతున్నాడంతే. ఈ మాట తండ్రులకి రుచించదు. అయినా వినాలి. ఆ బస్సెక్కాల్సిందీ, ఆ దెబ్బలు తినాల్సిందీ వాడే.

తేలిన అంకె పెన్నుతో రాసి ముగ్గురూ సంతకం చేయండి. స్కౌట్ ఎవరడిగినా అదే అంకె చెప్పండి. ఒకరికి 12 లక్షలు, ఇంకొకరికి 15 లక్షలు అని చెప్పారంటే, బేరానికి రెడీగా ఉన్నారని రెండు జట్లకీ అర్థమవుతుంది.

5. డ్రాఫ్ట్ రోజు

ఫోన్ ఒకరి చేతిలోనే ఉండాలి. తల్లి చేతిలో ఉంటే మంచిదని నేనంటాను, తండ్రులు టెన్షన్‌లో తొందరగా ఒప్పేసుకుంటారు. పిక్‌కీ పిక్‌కీ మధ్య ఉండేది కొద్ది సమయమే. “12 అడిగారు కదా, 9కి వస్తారా? ఇప్పుడే చెప్పాలి” అంటారు. కాగితం చూసి, “మేం రాము” అని చెప్పి పెట్టేయండి. వివరణలు వద్దు.

ఎవరూ తీసుకోకపోయినా, ఏ చివరి రౌండ్లోనో తీసుకున్నా అవమానం అనుకోకండి. జేమిస్ విన్‌స్టన్‌ని 2012లో రేంజర్స్ 15వ రౌండ్లో తీసుకున్నారు, ఆ మరుసటి ఏడాది ఆయన హైస్‌మన్ గెలిచాడు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ అయిన పాట్రిక్ మహోమ్స్‌ని 2014లో టైగర్స్ 37వ రౌండ్లో తీసుకున్నారు (అప్పట్లో 40 రౌండ్లు ఉండేవి). సంతకం చేయించడం కష్టమని తెలిస్తే ఎంత మంచి కుర్రాడైనా కిందికి జారతాడు.

6. సంతకం, లేదా వీడ్కోలు

డ్రాఫ్ట్‌కి ముందు లీగ్ నుంచి వైద్య పరీక్షకి పిలుపొస్తే వెళ్లండి. 2021లో మెట్స్ పదో పిక్‌గా తీసుకున్న కుమార్ రాకర్‌కి, తర్వాతి పరీక్ష చూశాక అసలు ఆఫరే ఇవ్వలేదు. ఇప్పటి రూల్ ప్రకారం ముందు పరీక్షకి ఒప్పుకున్నవాళ్లకి స్లాట్‌లో కనీసం 75 శాతం ఇస్తామనాలి.

రెండూ ఆడతాననే కాంట్రాక్టు దొరికితే, వెనక్కి ఇవ్వాల్సింది ఎంతో చదువుకోండి. ఆలెన్ కుర్రాడు కైలర్ మర్రే 2018లో కాలేజీలో ఉండగా అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టుతో 46.6 లక్షలకి ఒప్పుకుని, ఆ ఏడాది ఓక్లహోమాకి ఫుట్‌బాల్ ఆడాడు. హైస్‌మన్ గెలిచి ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంచుకున్నాక, తీసుకున్న 15 లక్షల్లో 12.9 లక్షలు తిరిగిచ్చాడు. మిగతా 31.6 లక్షలు వదులుకున్నాడు. అంకెలన్నీ ముందే కాగితం మీద ఉన్నాయి కాబట్టే గొడవ లేకుండా ముగిసింది.

బేస్‌బాల్ ఖాయమైతే అదే రోజు ఫుట్‌బాల్ కోచ్‌కి ఫోన్ చేయాలి. తండ్రో అడ్వైజరో కాదు, కుర్రాడే చేయాలి. క్యాంపు మొదలవ్వడానికి కొద్ది రోజులే ఉంటాయి, ఆ క్వార్టర్‌బ్యాక్ చోటుకి ఆయన ఇంకొకరిని సిద్ధం చేసుకోవాలి.