బోనస్ షేర్లు వచ్చాయి, డివిడెండు రాలేదు

నా దగ్గరున్న ఒక కంపెనీ షేర్లకు 1:1 నిష్పత్తిలో బోనస్ (ఉన్న ప్రతి షేరుకు ఉచితంగా మరో షేరు) ప్రకటించినప్పుడు ఆ కొత్త షేర్లు షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే డీమ్యాట్ ఖాతాలో సజావుగా జమయ్యాయి గానీ, అంతకుముందే ప్రకటించిన నగదు డివిడెండు (లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్ము) మాత్రం నాకు చేరలేదు. బోనస్‌తో షేర్లు రెట్టింపైనా ధర ఆ మేరకు సగానికి సర్దుకుంటుంది కనుక, నిజంగా చేతికి రావలసింది ఆ నగదే.

వెతికితే తప్పు నాదేనని తేలింది. బోనస్‌కు డీమ్యాట్ ఖాతా ఉంటే చాలు. నగదును మాత్రం డిపాజిటరీ (డీమ్యాట్ షేర్లను భద్రపరిచే సంస్థ) రికార్డుల్లో ఉన్న బ్యాంకు ఖాతాకే పంపుతారు, అక్కడేమో నేను ఎప్పుడో మూసేసిన ఖాతా నంబరే ఉండిపోయింది. ట్రేడింగ్ యాప్‌లో కొత్త ఖాతా జోడించాను కదా అని నిశ్చింతగా ఉన్నాను, కానీ దానితో డీమ్యాట్‌లోని ప్రధాన ఖాతా మారలేదు.

డిపాజిటరీ పార్టిసిపెంట్ (డీపీ, అంటే నా డీమ్యాట్ ఖాతా నడిపే సంస్థ) ద్వారా ఆ వివరాలు మార్పించి, కొత్త క్లయింట్ మాస్టర్ లిస్ట్ (డీమ్యాట్ ఖాతా వివరాలుండే పత్రం) తెప్పించుకున్నాను. దానికి క్యాన్సిల్ చేసిన చెక్కు, పాన్ కార్డు నకలు జతచేసి, డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ, డివిడెండు సంవత్సరం రాసి కంపెనీ తరఫున వాటాదారుల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కు పంపాను. చెక్కుపై నా పేరు అచ్చువేసి లేదంటూ మొదటి దరఖాస్తు తిప్పి పంపారు. పేరున్న చెక్కు పంపిన మూడు వారాలకు డబ్బు జమైంది.

ప్రకటించిన 30 రోజుల్లో చేరని డివిడెండును కంపెనీ ప్రత్యేక ఖాతాకు మారుస్తుంది. అక్కడ 7 ఏళ్లు ఉండిపోతే అది ప్రభుత్వ ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్ (ఐఈపీఎఫ్) అనే నిధికి వెళ్తుంది. వరుసగా 7 ఏళ్లు డివిడెండు తీసుకోకపోతే షేర్లు కూడా దాని వెంటే పోతాయి, అప్పుడిక వాటిని తిరిగి పొందాలంటే ఐఈపీఎఫ్-5 ఫారం నింపవలసిందే.