లేక్‌కి బోటు లాక్కెళ్లే ముందు: ట్రైలర్ మూతి ఒక్క చేత్తో లేస్తే బయల్దేరకండి

పోయిన నెల మా తమ్ముడి వరసయ్యే కుర్రాడు 19 అడుగుల పాత బోటు కొన్నాడు. శనివారం పొద్దున్నే టెక్సాస్‌లో మా ఫ్రిస్కో నుంచి లేక్ టెక్సోమాకి బయల్దేరారు. ఇంకా షెర్మన్ రాకముందే, 75 హైవే మీద కొంచెం దిగుడులో, గంటకి 70 మైళ్ల మీద ఉండగా పక్కనుంచి పద్దెనిమిది చక్రాల ట్రక్కు దాటింది. ట్రైలర్ ఒకసారి అటు ఊగింది, ఒకసారి ఇటు ఊగింది, మూడో ఊపుకి ఎస్‌యూవీ వెనక చక్రాలు కూడా దాంతోపాటే జారిపోయాయి. బండి వచ్చిన దారికే మొహం పెట్టి గడ్డిలో ఆగింది, బోటు పక్కకి పడిపోయింది. భార్య, ఇద్దరు పిల్లలు లోపలే ఉన్నారు. బెల్టులు పెట్టుకున్నారు కాబట్టి గీతలతో పోయింది గానీ, చిన్నదానికి ఇప్పటికీ కారెక్కాలంటే ఏడుపే.

నన్ను తినేస్తున్న సంగతి ఇంకోటి ఉంది. ముందురోజు సాయంత్రం నేను వాళ్ల డ్రైవ్‌వేలోనే ఉన్నాను. "చూడన్నా, ఎంత తేలికో" అని ట్రైలర్ మూతిని ఒక్క చేత్తో ఎత్తి చూపించాడు. నేను టీ తాగుతూ నవ్వాను. ఆ మాట వినగానే కప్పు కింద పెట్టి "ఆగు" అనాల్సింది, ఎందుకంటే అదే తప్పు ఆరేళ్ల కిందట నేనూ చేశాను.

మెమోరియల్ డే వస్తోంది, ఆ తర్వాత జులై 4. లైఫ్ జాకెట్లు, తాగి నడపొద్దు లాంటివి మీకు అందరూ చెప్తారు, నేను చెప్పను. నేను చెప్పేది రోడ్డు మీద సంగతి, అందులోనూ ముఖ్యంగా ఒక్కటే: ట్రైలర్ మూతి మీద బరువు. ఇక్కడ దాన్ని టంగ్ వెయిట్ అంటారు. కారు వెనక ట్రైలర్ తగిలించే ఇనప గుండు (హిచ్ బాల్) మీద ట్రైలర్ మోపే బరువు అన్నమాట.

ఆరేళ్ల కిందట మా నాన్న ఊరినుంచి వచ్చి ఉన్నారు. జీవితంలో బోటు ట్రైలర్ చూడని మనిషి. నేను దాన్ని తగిలిస్తుంటే వచ్చి మూతి పట్టుకుని కొంచెం ఎత్తి వదిలేసి, "వెనక మొగ్గుందిరా, కాడి తేలుతోంది" అన్నారు. ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు కాడి ఎత్తి చూసేవారట. తేలిగ్గా లేస్తే రెండు బస్తాలు ముందుకి జరిపేవారు, లేకపోతే దారిలో కాడి పైకి లేచి మెడకింద తాడు ఎద్దుల గొంతుకి బిగుసుకుంటుంది. నేను "ఇది ఎడ్లబండి కాదు నాన్నా" అని నవ్వి బయల్దేరాను. లేక్ లూయిస్‌విల్ వంతెన మీద గాలికి ట్రైలర్ తోక ఆడించినప్పుడు ఆ నవ్వు పోయింది. అదృష్టం, 50 మీదే ఉన్నాను.

లెక్క చాలా మామూలుది. బరువు ఇరుసుకి ముందు సరిపడా ఉంటే గాలికో గుంటకో ఊగినా ట్రైలర్ తనంతట తనే సర్దుకుంటుంది. మూతి తేలికైతే ఒక్కో ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతూ పోతుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా ఘోరంగా. 50లో తెలియనే తెలియదు, 70లో తెలిసేసరికి టైమ్ ఉండదు. కాబట్టి కాలనీలో ఒక రౌండు వేసి "బాగానే ఉంది" అనుకుంటే అది టెస్టు కాదు.

ఎంత ఉండాలి అంటే, మామూలు ట్రైలర్లకి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం అంటారు. బోటు ట్రైలర్లకి కొన్ని కంపెనీలు అంతకన్నా తక్కువ చాలంటాయి, మీ ట్రైలర్ పుస్తకం చూసుకోండి. నేను మాత్రం 10కి తగ్గను.

ఇంట్లోనే కొలవడం

మొత్తం బరువంటే బోటు అమ్మినవాడు చెప్పిన అంకె కాదు. బోటు, ఇంజను, ట్రైలర్, పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, తాళ్లు, ట్యూబులు అన్నీ కలిపి. పెట్రోలు గ్యాలన్‌కి ఆరు పౌండ్ల పైమాటే, 30 గ్యాలన్ల ట్యాంకు నిండితే 180 దాటుతుంది. ఒకసారి ట్రక్ స్టాపులో కాటా వేయించండి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. మావాడిది దాదాపు 4,200 పౌండ్లు. అంటే మూతి మీద 420 ఉండాలి. ఒక్క చేత్తో లేచిందంటే ఎంత ఉండి ఉంటుందో మీరే చూసుకోండి.

420 పౌండ్లు బాత్‌రూమ్ కాటా మీద పెడితే అది విరుగుతుంది. దానికో చిట్కా ఉంది. గట్టి చెక్క దూలం ఒకటి తీసుకోండి. ఒక చివర కింద ఇనప గొట్టం, రెండో చివర కింద కాటా, కాటాకీ గొట్టానికీ మధ్య సరిగ్గా మూడడుగులు. గొట్టం నుంచి ఒక అడుగు దూరంలో ట్రైలర్ మూతి దూలం మీద ఆనాలి. కాటా చూపించే అంకెని మూడుతో గుణించండి. 140 చూపిస్తే 420 అన్నమాట. నేల సమంగా ఉండాలి, ట్రైలర్ చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టాలి, మూతి ఎత్తు కారుకి తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. ఎత్తు మారితే అంకె మారిపోతుంది. సామాన్లన్నీ ఎక్కించాకే కొలవండి, ఖాళీ బోటుతో కొలిస్తే దండగ.

తక్కువొస్తే సర్దడం

ముందు సామాను జరపండి. అయినా తక్కువే ఉంటే బోటునే ముందుకి జరపాలి. బోటు మూతి ఆనే వించ్ స్టాండు (బోటుని ట్రైలర్ మీదికి లాగే చక్రం ఉండే స్తంభం) యూ బోల్టులతో బిగించి ఉంటుంది, వాటిని వదులు చేస్తే ముందుకి జరుగుతుంది. కప్లర్ (బాల్ మీద పట్టే ట్రైలర్ మూతి కొస) నుంచి ఇరుసుకి 15 అడుగులు, బోటు ఒక్కటే 3,200 పౌండ్లు అనుకుంటే, ఒక్క అంగుళం జరిపితే మూతి మీద సుమారు 18 పౌండ్లు పెరుగుతుంది. అరడుగు జరిపితే వంద దాటుతుంది. అంత చిన్న కదలికకి అంత తేడా అని తెలిస్తే నేను ఆరేళ్ల కిందటే స్పానర్ పట్టుకునేవాణ్ణి.

జరిపేటప్పుడు వెనక చివర కూడా చూడండి. బోటు కింద కార్పెట్ చుట్టిన పొడుగాటి చెక్కల్ని బంకులంటారు (పెట్రోలు బంకులు కాదు). బోటు వెనక గోడ కిందిదాకా ఆ బంకులు ఉండాలి. ఇంజను బరువంతా అక్కడే ఉంటుంది కాబట్టి, వెనకభాగం గాలిలో వేలాడుతుంటే కాలక్రమంలో బోటు అడుగే వంగిపోతుంది. మావాడి బోటు ఒక అడుగు బయటికి వేలాడుతోంది. తర్వాత తెలిసిందేమిటంటే ఆ ట్రైలర్ అసలు ఆ బోటుది కాదు, ఇంకా చిన్న బోటుది. అమ్మినాయన ఏదో ఒకటి జత చేసి అమ్మేశాడు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఇంజను స్టార్టు చేసి చూస్తాం, రంగు చూస్తాం, బోటు వెనక్కెళ్లి వంగి బంకులు ఎక్కడిదాకా వచ్చాయో ఎవరూ చూడరు.

బోటు ఇంక జరగదు అనుకున్నప్పుడు ఇరుసు వెనక్కి జరపొచ్చు. రెండువైపులా కప్లర్ నుంచి ఇరుసు చివరలకి దూరం సమానంగా రావాలి, లేకపోతే ట్రైలర్ పక్కవాటుగా నడిచి టైర్లు తినేస్తుంది. బ్రేకు గొట్టం పొడవు చాలుతుందో లేదో చూడాలి. చేతకాకపోతే షాపులో ఇవ్వండి, ఇందులో నామోషీ ఏం లేదు. ఎవరు చేసినా 50 మైళ్ల తర్వాత బోల్టులు మళ్లీ బిగించాలి.

మరీ ఎక్కువైనా తప్పే. కారు వెనక కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. హిచ్ మీద స్టిక్కర్‌లో మూతి బరువు ఎంతవరకో రాసి ఉంటుంది, అది దాటకండి. డ్రైవర్ డోరు దగ్గర ఇంకో స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంతవరకో చెప్తుంది. మూతి మీది 420 కూడా అందులోకే వస్తుంది. ఏడుగురు ఎక్కాక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. ఇంకో మాట, టయోటా సియెన్నా మినీవ్యాన్ లాగే బరువుకి 3,500 పౌండ్లే హద్దు. "మినీవ్యాన్‌తో లాగేశాను, ఏం కాలేదు" అని చెప్పేవాళ్ల మాట వినొద్దు.

ర్యాంపు దగ్గర, అసలు కొంప మునిగేది ఇక్కడే

ఇంట్లో అన్నీ కొలిచి పెట్టుకున్నా, సాయంత్రం అలసిపోయి చీకట్లో బోటు ఎక్కించేటప్పుడు అంతా పోతుంది. చాలామంది ట్రైలర్‌ని నీళ్లలోకి మరీ లోతుగా దింపుతారు. బోటు తేలుతూ వచ్చి వించ్ స్టాండు మీది రోలర్‌కి తగులుతుంది, వించ్ బిగిస్తారు, బాగుందనుకుంటారు. పైకి లాగాక బోటు బంకుల మీద కూర్చుంటూ రెండు మూడు అంగుళాలు వెనక్కి జారుతుంది. రోలర్‌కీ బోటుకీ మధ్య చెయ్యి పట్టేంత సందు. ఆ మూడంగుళాలూ అంటే 50 పౌండ్ల పైన మూతి బరువు పోయినట్టే.

కాబట్టి ముందు బంకుల్ని పూర్తిగా తడిపి, మళ్లీ కొంచెం పైకి తెచ్చి, చక్రాల పైరేకు నీళ్లలో మునిగీ మునగనట్టు ఉంచండి. బోటు తేలుతూ రాకూడదు, చివరి రెండు మూడు అడుగులు వించ్‌తో లాగితే రావాలి. పైకి తెచ్చాక సమంగా ఉన్నచోట ఆపి, దిగి చూడండి. సందుంటే మళ్లీ నీళ్లలోకి వెళ్లండి. వెనక లైన్లో వాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.

బోటులో చేరిన నీళ్లు బయటికి వదిలెయ్యండి. టెక్సాస్‌లో లేక్ నుంచి వెళ్లేటప్పుడు బోటులో నీళ్లన్నీ తీసెయ్యడం 2014 నుంచి రాష్ట్రమంతటా చట్టం, జీబ్రా ఆల్చిప్పలు ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకకుండా. 2009లో ఇవి టెక్సోమాలోనే మొదట దొరికాయి. చట్టం సంగతి అలా ఉంచితే గ్యాలన్ నీళ్లు 8 పౌండ్ల పైన, అవన్నీ చేరేది బోటు వెనకకే. వేక్ బోటు (వెనక పెద్ద అలలు లేపే బోటు) ఉన్నవాళ్లు బరువు కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ సంచులు ఖాళీ అయ్యాయో లేదో కళ్లతో చూడండి.

ఇంక వరసగా చెప్పేస్తున్నా, ఏది ముందు ఏది వెనక అని చూడకండి:

- నీళ్ల సీసాల కేసులు బోటు వెనక పెట్టొద్దు. మనవాళ్లు ఐదు కుటుంబాలు కలిసి వెళ్తారు, కార్లో మనుషులు, బోటులో సామాన్లు. 40 సీసాల కేసు 44 పౌండ్లు. ఐదు కేసులు ఇరుసుకి ఆరడుగులు వెనక పెడితే మూతి మీద 88 పౌండ్లు ఎగిరిపోతాయి. మావాడు చేసిందిదే. బిర్యానీ ట్రేలు, ఐసు పెట్టె కూడా అంతే, ఉంటే ఇరుసుకి ముందు, లేదా కార్లో.
- బాల్ సైజు చూడండి. రెండంగుళాల కప్లర్‌కి 1-7/8 అంగుళాల బాల్ కూడా పట్టేసినట్టే ఉంటుంది, గుంటలో ఎగిరిపోతుంది. కప్లర్ లాక్ చేశాక జాకీతో ట్రైలర్ మూతిని ఎత్తండి. కారు వెనకభాగం కూడా లేవాలి. లేవకపోతే అది తగల్లేదు.
- లాక్‌లో పిన్ను పెట్టండి.
- గొలుసులు మూతి కింద ఒకదానిమీదొకటి అడ్డంగా. కప్లర్ ఊడితే ఆ గొలుసుల మీదే పడాలి, రోడ్డు మీద కాదు.
- వించ్ బెల్టు బోటుని లాగడానికి, హైవే మీద పట్టుకోవడానికి కాదు. ముందు విడిగా ఒక గొలుసు, వెనక రెండు పట్టీలు.
- టైరు మీద నాలుగంకెలు చదవండి. 2318 అంటే 2018లో 23వ వారం. గ్రూవులు బాగున్నాయని చూడకండి, మన ఎండకి రబ్బరు లోపలే చచ్చిపోతుంది. ఐదారేళ్లయితే మార్చెయ్యండి.
- టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి పట్టించండి, టైరు పక్కన రాసినంత.
- పాత ట్రైలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్లే హద్దు. మీరు 65 దాటకండి. అందరూ మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి.
- ఆగినప్పుడల్లా ట్రైలర్ చక్రం నడిమధ్య హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ పోతోంది. గ్రీజు పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి.
- ర్యాంపు మీద పిల్లలు కార్లో ఉండకూడదు. మీరు సీటు బెల్టు తీసి, కిటికీలు దించి బండి రివర్స్ చెయ్యండి.
- బోటు మీది గుడ్డ పందిరి (బిమినీ) మడిచి కట్టండి.
- ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ఊపుకి ఎదురు తిప్పబోతే ఇంకా పెరుగుతుంది. మావాడు తిప్పాడు.
- వేగం పెంచి సర్దుదామనుకోవద్దు. అసలు వద్దు.
- ఊగడం ఆగాక పక్కన ఆపి, సామాను ముందుకి జరిపి, అప్పుడే కదలండి. "ఇంక పది మైళ్లేగా" అనొద్దు.
- ట్రైలర్ వేరేవాళ్లకి ఇస్తే మూతి బరువెంతో చెప్పి ఇవ్వండి.
- బయల్దేరే ముందు మూతి ఒక చేత్తో ఎత్తండి. లేచిందా, సామాను దింపి మళ్లీ ముందుకి సర్దండి.

మావాడి బోటు ఇన్సూరెన్స్ వాళ్ల యార్డులో ఉంది. ట్రైలర్ మూతి మాత్రం ఏం కాలేదట, మొన్న వెళ్లినప్పుడు మళ్లీ ఒక చేత్తో ఎత్తి చూశాడు. ఈసారి ఏం మాట్లాడలేదు.