కారణాంకాల మొత్తం మూడు రెట్లయ్యే సంఖ్యను గుర్తించడం

విశాఖపట్నంలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు 120కి ఉన్న పదహారు కారణాంకాలనూ వరుసగా రాసి కూడబోయి, ఏదో ఒకదాన్ని వదిలేస్తుంటారు. దానికి బదులు సంఖ్యను ప్రధాన కారణాంకాల లబ్ధంగా, అంటే 2³×3×5గా రాసుకొని, ఒక్కో ప్రధాన సంఖ్యకు 1 మొదలు దాని గరిష్ఠ ఘాతం వరకు ఉన్న విలువలను కూడి, ఆ మొత్తాలను గుణించాలి: (1+2+4+8)×(1+3)×(1+5), అనగా 15×4×6=360, సరిగ్గా 120కి మూడు రెట్లు. ఈ మొత్తంలో 1తో పాటు 120 కూడా చేరి ఉందని మరువరాదు. పిల్లలు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

కొత్త సంఖ్యను వెదకాలంటే కిటుకు వేరు. 2⁵తో మొదలుపెడితే మొత్తం 63 వస్తుంది; అందులో 3, 7 కారణాంకాలుగా ఉన్నాయి కనుక వాటిని కూడా సంఖ్యలో చేర్చితే 2⁵×3×7=672 అవుతుంది, దాని కారణాంకాల మొత్తం 63×4×8=2016, ఇదీ మూడు రెట్లే. 1638 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితజ్ఞుడు డెకార్ట్ కనుగొన్న 30240కి, అంటే 2⁵×3³×5×7కి, మొత్తం 63×40×6×8=120960, నాలుగు రెట్లు.