కెమెరా నేర్చుకుందాం, 6వ పాఠం: ఒకే దృశ్యానికి మూడు క్లిక్కులు

పోయిన పాఠంలో హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి నుంచి వెలుతురు దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫు, చదవడం చూశాం. ఆ గ్రాఫులో గుట్ట కుడి గోడకి ఆనుకుంటే వెలుతురు భాగాల్లో వివరం పోయినట్టు, ఎడమ గోడకి ఆనుకుంటే చీకటి భాగాల్లో పోయినట్టు. విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం తీసి రమ్మన్నాను కదా, తీసినవాళ్లకి ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆకాశం రంగులు బాగా పడితే ఒడ్డున ఉన్న మనుషులు నల్లగా అయిపోతారు. మనుషులు కనబడితే ఆకాశం తెల్లకాగితం అవుతుంది. ఇది మీ తప్పు కాదు. మన కన్ను ఆకాశాన్ని చూసేటప్పుడు ఒకలా, ఇసుకని చూసేటప్పుడు ఇంకోలా సర్దుకుంటుంది. కెమెరా సెన్సర్‌కి ఒక క్లిక్కులో ఒకే ఎక్స్‌పోజర్, అంటే ఒకే మోతాదు వెలుతురు.

1850ల్లోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఫొటోగ్రాఫర్‌కి సముద్రం దగ్గర ఇదే చిక్కొచ్చింది. ఆయన ఆకాశానికి ఒక నెగటివ్, నీళ్లకి ఒక నెగటివ్ తీసి రెండిటినీ కలిపి ప్రింట్ వేశాడు. మనం నేర్చుకోబోయే బ్రాకెటింగ్‌లో ఉన్న ఆలోచన కూడా అదే. ఒకే దృశ్యాన్ని కెమెరా కదలకుండా మామూలుగా ఒకటి, చీకటిగా ఒకటి, వెలుతురుగా ఒకటి తీస్తాం. తర్వాత మూడిట్లోంచీ మంచి భాగాలు కలుపుకుంటాం. కలపడం వచ్చే పాఠంలో.

ముందు సెట్టింగులు. మోడ్ డయల్ ఎపర్చర్ ప్రయారిటీ మీద పెట్టండి, అంటే ఎపర్చర్ (లెన్సులో వెలుతురొచ్చే కంత) మనం పెడితే షట్టర్ స్పీడు కెమెరా చూసుకుంటుంది, ఎఫ్/8 చాలు. ఎక్స్‌పోజర్ మారాల్సింది షట్టర్ స్పీడుతోనే. ఎపర్చర్ మారితే ఒక్కో ఫ్రేములో ఫోకస్ లోతు ఒక్కోలా ఉండి కలిపినప్పుడు అతకదు. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 దగ్గర కట్టేయండి, ఆటో వద్దు. ఒకసారి ఫోకస్ చేశాక మాన్యువల్‌కి మార్చేయండి. ఫైలు రకం రా (RAW), సెన్సర్ పట్టిన వివరమంతా ఉంచేది.

బ్రాకెటింగ్ కానన్‌లో ఏఈబీ (ఆటో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్) పేరుతో మెనూలో ఉంటుంది. చాలా నికాన్ బాడీల మీద బీకేటీ అని బటనే ఉంటుంది. సోనీలో డ్రైవ్ మోడ్‌లో వెతకండి. నికాన్ డీ3500 లాంటి చిన్న బాడీలో ఇది లేదు, అయినా ఫరవాలేదు. ఎం (మాన్యువల్) మోడ్‌లో పెట్టి షట్టర్ చక్రాన్ని ఆరు క్లిక్కులు తిప్పితే రెండు స్టాపులు మారినట్టే (ఒక స్టాపు పెరిగితే వెలుతురు రెట్టింపు, తగ్గితే సగం). కెమెరాని తాకినప్పుడు ట్రైపాడ్ కదలకుండా చూసుకోవాలి, అంతే.

ఎన్ని ఫ్రేములు, ఎంత తేడా? నా లెక్కలో మూడు ఫ్రేములు, రెండేసి స్టాపుల తేడా. స్టాపులో మూడో వంతు తేడాతో తొమ్మిది తీసినా లాభం లేదు, కార్డు నిండడం తప్ప.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బీచ్ రోడ్డు వైపు నిలబడి, ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసురా సబ్‌మెరైన్ తీస్తున్నాం అనుకోండి. సూర్యుడు సముద్రం మీంచి జానెడు పైకొచ్చాడు. మనవైపున్న పొట్టంతా నీడలో ఉంది, పైగా నల్లరంగు. వెలుతురు కొలిచే కెమెరా మీటరు షట్టర్ స్పీడు సెకనులో 250వ వంతు అంటుంది. బ్రాకెటింగ్ పెడితే మిగతా రెండూ 1000వ వంతు, 60వ వంతు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆగకండి, మూడు హిస్టోగ్రాములూ చూడండి. 1000వ వంతు ఫ్రేములో గుట్ట కుడిగోడకి చాలా దూరంలో ఉంది, అంటే అక్కర్లేనంత చీకటి. 60వ వంతు ఫ్రేములో కూడా సబ్‌మెరైన్ పొట్ట ఎడమగోడకి అతుక్కునే ఉంది, రేకుల అతుకులు కనబడట్లేదు. ఎందుకంటే మీటరు ఆకాశం చూసి భయపడి అన్నిటినీ చీకటి వైపు నెట్టింది. కెమెరా సున్నా అన్నచోట మన సున్నా ఉండాలని లేదు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే మీటరు లెక్కని మనం సవరించే సెట్టింగు, ఒక స్టాపు పెంచండి. మూడూ కలిసి జరుగుతాయి: 500, 125, 30. ఇప్పుడు చీకటి ఫ్రేములో మబ్బుల అంచులు నిలుస్తాయి, వెలుతురు ఫ్రేములో అతుకులు లేస్తాయి. సూర్యబింబం మటుకు తెల్లగానే ఉంటుంది, ఉండనివ్వండి. దాన్ని కూడా బూడిదరంగు చేసిన ఫొటోలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బీచ్‌లో ఇంకో సంగతి. తడి ఇసుకలో ట్రైపాడ్ పెడితే అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాక్కుపోతుంది. మూడు క్లిక్కులయ్యేలోపు కెమెరా వేలెడు కుంగొచ్చు. కాళ్లు ముందే గట్టిగా నొక్కి దింపండి, లేదా పొడి ఇసుకలోకి రండి. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే సెట్టింగు) ఆపండి. 2 సెకన్ల టైమర్ పెట్టండి. కొన్ని కెమెరాల్లో ఒక్క నొక్కుతో మూడూ పడతాయి, కొన్నిట్లో విడివిడిగా నొక్కాలి, ఇంట్లోనే చూసుకుని వెళ్లండి. లెన్సు మీద ఉప్పుతుంపర మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ ఉండాలి.

పని కాగానే బ్రాకెటింగ్ తీసేయండి. నా కెమెరాలో స్విచ్ ఆపినా అది పోదు. ఒకసారి పొద్దున్న బీచ్‌లో తీసి, అటునుంచి అటే చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. పాలు పొంగే క్షణం ఒక్కటే పడింది, అది చీకటి ఫ్రేము. ఆ ఇంటివాళ్లకి ఆ క్షణం మళ్లీ తెచ్చివ్వలేకపోయాను. ఇప్పుడు లెన్సు మూత పెట్టేముందు ఆ సెట్టింగు చూడకుండా కదలను.

ఈ వారం పని: పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. జూన్‌లో అయితే 5 గంటలకే అక్కడుండాలి, జనవరిలో 6 దాటాక వెళ్లినా సరిపోతుంది. వేటకెళ్లేవాళ్ల దారికి అడ్డంగా ట్రైపాడ్ పెట్టొద్దు. గట్టు, వలలు, కదలనివి ఒక సెట్టు. నీళ్లలో ఊగే బోట్లు ఒక సెట్టు. రెండో సెట్టులో ఒకే బోటు మూడు ఫ్రేముల్లో మూడు చోట్ల ఉంటుంది. కలిపితే ఏమవుతుందో, ఏ ఫ్రేములోని బోటుని ఉంచుకోవాలో ఏడో పాఠంలో ఆ ఫైళ్లతోనే చూద్దాం. ఒక్కటి కూడా డిలీట్ చేయకండి.