రిటైరయ్యాక స్నేహితులతో కలిసి యాత్రలు: మొహమాటం అడ్డు రాకుండా ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

మాది రాజమహేంద్రవరం. ఉద్యోగాల నుంచి విరమించాక నాలుగు జంటలం ఒక జట్టుగా ఏర్పడి, ఏడాదికి రెండుసార్లయినా ఎక్కడికో ఒకచోటికి వెళ్లి వస్తున్నాం. మా మొదటి యాత్రలో రెండు రోజుల్లో ఏడు గుళ్లు చూశాం. తిరుగు ప్రయాణంలో రైలు దిగబోతూ మాలో ఒకరి భార్య మెట్టు మీదే ఆగిపోయారు. చూస్తే మోకాలు బాగా వాచిపోయి ఉంది. మొదటి రోజు సాయంత్రం నుంచే నొప్పి ఉందట. చెప్పలేదేమని అడిగితే, "అందరూ సరదాగా తిరుగుతుంటే నా ఒక్కదాని కోసం ఆగమని ఎలా అంటాను వదినగారూ?" అని నా భార్యతో అన్నారు. ఈ వయసులో యాత్రను పాడుచేసేది డబ్బో, ఓపికో కాదని, పైకి చెప్పుకోలేని మొహమాటమేనని ఆ రోజు మాకు అర్థమైంది. అప్పటి నుంచి ఎవరూ నోరు తెరిచి అడగవలసిన అవసరం రాకుండా ప్రతి విషయాన్నీ ముందే మాట్లాడుకుని బయలుదేరుతున్నాం. ఆ పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి పని: జట్టును కూర్చుకోవడం

మూడు నాలుగు జంటలు చాలు. అంతకు మించితే ఒకే బండిలో పట్టరు, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినలేరు, ప్రతి చోటా ఎవరో ఒకరి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. మగవాళ్లు ఒకే ఆఫీసులో పనిచేసినంత మాత్రాన జట్టు కుదరదు. ఆడవాళ్లకు కూడా ఒకరితో ఒకరికి చనువు ఉండాలి. భర్తకు పదవీ విరమణ వచ్చినా ఇంట్లో ఉండే భార్యకు వంటింటి నుంచి విరమణ రాదు కాబట్టి, ఈ యాత్రల వల్ల నిజమైన విశ్రాంతి దొరకవలసింది ఆమెకేనని నా గట్టి నమ్మకం. అందుకే ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని రోజులు ఉండాలి అన్న విషయాల్లో మా జట్టులో ముందుగా ఆడవాళ్ల మాటే అడుగుతాం. ప్రయాణంలో స్టవ్వూ గిన్నెలూ మోసుకెళ్లి వాళ్ల చేత వండించకూడదన్నది కూడా అప్పుడే పెట్టుకున్న నియమం.

ఇంకొక మాట. మా మిత్రుల్లో ఒకరు కాలం చేశారు. ఆయన భార్య ఇక తాను రానన్నారు. మిగిలిన ముగ్గురు ఆడవాళ్లూ వాళ్లింటికి వెళ్లి, ఒక పూటంతా కూర్చుని, ఒప్పించి తీసుకొచ్చారు. ఇప్పుడు మేము ఏడుగురం. రాత్రిళ్లు ఆమె గదిలో ఆమె ఒంటరిగా ఉండకుండా వంతుల వారీగా ఒకరు తోడుంటారు. జంటల జట్టు కదా అని తోడు కోల్పోయిన మనిషిని దూరం పెట్టడం కన్నా పెద్ద తప్పు లేదు. ఆ మాట వారు తమంతట తాము అడగలేరు కాబట్టి మిగిలినవారే ముందుగా పిలవాలి.

రెండో పని: ఒక్క రోజు కలిసి తిరిగి చూడటం

దూర ప్రయాణానికి ముందు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే చోటొకటి ఎంచుకోవాలి. మేము కడియం నర్సరీలు చూసి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియానికి వెళ్లి, గోదావరి గట్టు మీద కూర్చుని ఇంటికి చేరాం. కార్తీక మాసమైతే ఉసిరి చెట్టు కింద వనభోజనం పెట్టుకోవచ్చు. ఎవరు ఎంత దూరం నడవగలరు, ఎవరికి ఏ వేళకు ఆకలి వేస్తుంది, ఎవరికి మధ్యాహ్నం కునుకు తప్పనిసరి అన్నవి ఆ ఒక్క రోజులోనే తెలిసిపోతాయి. అందరిలోకి నెమ్మదిగా నడిచేవారు ఎవరో గమనించి, ఆ తర్వాత ఏ యాత్ర వేసుకున్నా వారి నడకను బట్టే రోజుకు ఎన్ని చోట్లు చూడాలో నిర్ణయించుకోవాలి. మా లెక్క ప్రకారం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో విశ్రాంతి.

మూడో పని: డబ్బు సంగతి తేల్చుకోవడం

మొహమాటం ఎక్కువగా దాగి ఉండేది ఇక్కడే. ఒకరికి పెన్షన్ బాగా వస్తుంది, ఇంకొకరు పిల్లల పెళ్లి అప్పు తీరుస్తూ ఉండవచ్చు. హోటల్లో బిల్లు రాగానే "నేనిస్తాను, నేనిస్తాను" అని పోటీపడటం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, ఇచ్చుకోలేనివారికి అదొక ముల్లు. కాబట్టి బయలుదేరేముందే ఖర్చు అంచనా వేసి, తలా ఇంతని వసూలు చేసి, ఒకరి దగ్గర ఉంచాలి. జంటకు ఇంత అని కాకుండా మనిషికి ఇంత అని లెక్కకడితే మా జట్టులాంటి చోట ఎవరికీ అన్యాయం జరగదు. బండి, గది, భోజనం, టికెట్లు ఈ ఉమ్మడి సొమ్ములోంచి వెళతాయి. చీరలు, బొమ్మలు, మనవలకు కొనేవి ఎవరివి వారివే. మా కోశాధికారి మాలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడ. చేతిలో ఇమిడే చిన్న నోటుబుక్కులో టీ నీళ్ల ఖర్చు కూడా రాసి, రాత్రి భోజనాలయ్యాక అందరికీ చదివి వినిపిస్తారు. అంచనా కుదరకపోతే చోటు మార్చుకోవాలే తప్ప, ఎవరూ అప్పు చేసి రాకూడదు.

నాలుగో పని: టికెట్లు

రైల్వేలో వృద్ధులకు ఉన్న చార్జీ రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు. అందుకని పూర్తి చార్జీతోనే అంచనా వేసుకోవాలి. అయితే కింది బెర్తుల కోటా మాత్రం ఉంది. 60 ఏళ్లు నిండిన మగవారికీ, 45 ఏళ్లు నిండిన ఆడవారికీ అది వర్తిస్తుంది. చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఒక టికెట్ మీద ఒకరు గానీ ఇద్దరు గానీ ఉన్నప్పుడే ఆ కోటా పనిచేస్తుంది. అందరం కలిసి ఉండాలని ఒకే టికెట్ మీద ఆరుగురి పేర్లూ వేయిస్తే, కింది బెర్తు ఇవ్వడం కుదిరితేనే ఇస్తారు. అలా చేసి మేమొకసారి రాత్రంతా అవస్థపడ్డాం. అప్పటి నుంచి ఏ జంట టికెట్ ఆ జంటకు వేరుగా తీస్తున్నాం. పెట్టెలు వేరైనా ఫరవాలేదు, పగలు ఒకచోట చేరి కబుర్లు చెప్పుకోవచ్చు. మోకాళ్ల నొప్పితో పై బెర్తు ఎక్కడం మాత్రం ఏ కబుర్లతోనూ తీరని బాధ.

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ప్రయాణం తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, గడువు మొదలైన రోజు ఉదయం 8 గంటలకే టికెట్లు తీయాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఎవరైనా ఉంటే నవంబరు ప్రయాణానికి ముందే ఏటా ఆ నెలలో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నామన్న ధ్రువపత్రం) సంగతి చూసుకోవాలి. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు.

ఐదో పని: గది గురించి సిగ్గుపడకుండా అడగడం

ఒక పుణ్యక్షేత్రంలో లిఫ్టు ఉందని ఫోనులో చెప్పిన లాడ్జికి వెళితే, లిఫ్టు ఉన్నమాట నిజమే గానీ అది పనిచేయడం లేదు. మాకిచ్చిన గదులు మూడో అంతస్తులో ఉన్నాయి. అందుకే ఇప్పుడు అడగవలసిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాం. కింది అంతస్తులో గది ఉందా? లిఫ్టు ఇవాళ పనిచేస్తోందా? వెస్ట్రన్ టాయిలెట్ ఉందా? వేడినీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి? స్నానాలగది నేల జారుతుందా? బండి గుమ్మం దాకా వస్తుందా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట దిగకపోవడమే మంచిది. గురక పెట్టేవారి విషయం కూడా ముందే మాట్లాడుకుని గదులు పంచుకోవాలి.

ఆరో పని: మందులు, నీళ్లు, కాగితాలు

మందులు సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. ప్రయాణం నాలుగు రోజులైతే ఆరు రోజులకు సరిపడా పెట్టుకోవాలి. నా భార్య పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు రంగుల గుడ్డసంచులు కుట్టింది. పొద్దుటి సంచి పసుపు, అందులో బీపీ మాత్ర; రాత్రిది నీలం. కరెంటు లేకపోయినా తడిమి తెలుసుకునేందుకు నీలం సంచికి ఒక ముడి వేసింది. డాక్టరు రాసిన చీటీ ఫోటో ప్రతివారి ఫోనులోనూ ఉండాలి. ఫోను పోతే దిక్కుతోచక ఉండకుండా పేరు, జబ్బు, వాడే మందులు, జట్టులో మరొకరి నంబరు రాసిన కాగితం పర్సులోనో జేబులోనో పెట్టుకోవాలి. అత్యవసరమైతే అంబులెన్సుకు 108, రైల్లో ఏ సాయానికైనా 139, వృద్ధుల సహాయవాణికి 14567 అని కూడా దాని మీదే రాయాలి. షుగరు ఉన్నవారి భోజనం వేళ తప్పకూడదు. గుడి తలుపులు మూసేస్తారని తొందరపడి టిఫిను మానేయడం ప్రమాదం.

ఆడవాళ్ల విషయంలో ఒకటి గమనించాను. దారిలో మరుగుదొడ్డి ఉంటుందో ఉండదోనని వాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, ఆ సంగతి బయటికి చెప్పరు. సాయంత్రానికి తలనొప్పి, నీరసం. అందుకని రెండు గంటలకొకసారి శుభ్రమైన చోట బండి ఆపమని డ్రైవరుకు బయలుదేరేముందే చెప్పేస్తాం. ఎవరూ అడగనక్కర్లేదు, బండి ఆగుతుంది.

ఏడో పని: దారిలో నడక, ఒక ఉదాహరణ

అరకు యాత్రను ఎలా వేసుకున్నామో చెబితే పద్ధతి తేలికగా అర్థమవుతుంది. నవంబరు నెలాఖరున వెళ్లాం. అప్పుడు పొలాల్లో వలిసె పూలు పసుపు దుప్పటి పరచినట్టు ఉంటాయి. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు విశాఖపట్నంలో ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది కాబట్టి, ముందురోజు మధ్యాహ్నమే విశాఖ చేరి, సాయంత్రం సముద్రపు ఒడ్డున కూర్చుని, తొందరగా పడుకున్నాం. ఆ రైలుకు 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టె ఉంది. సీట్లు తక్కువ, ముందుగానే తీసుకోవాలి. దాదాపు నాలుగు గంటల ప్రయాణంలో సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చీకటి కాగానే మా వదినగారొకరు చిన్నపిల్లలా కేక వేశారు. తర్వాతి సొరంగానికి పెట్టెలో ఉన్న పిల్లలంతా ఆమెతో గొంతు కలిపారు. భర్త పోయాక ఆవిడ అలా నవ్వడం మేము చూసింది అప్పుడే.

బొర్రా గుహల కోసం చాలామంది మధ్యలోనే దిగిపోతారు. మేము నేరుగా అరకు వెళ్లి, భోజనం చేసి, పడుకుని, సాయంత్రం గిరిజన మ్యూజియం ఒక్కటే చూశాం. గుహలను మర్నాడు పొద్దున బండిలో వెళ్లి చూశాం. లోపల వందల మెట్లున్నాయి, కొన్నిచోట్ల తడి. అంతా దిగగలిగినవారు ముగ్గురే. మిగిలిన నలుగురూ ముఖద్వారం దాటి మొదటి విశాలమైన చోటు వరకు వెళ్లి, పైకప్పు నుంచి వేలాడే సున్నపురాతి రూపాలను తీరిగ్గా చూసి వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఎవరు ఎక్కడ ఆగాలో ముందురాత్రే అనుకున్నాం కాబట్టి ఆగినవారికి చిన్నతనం అనిపించలేదు, వెళ్లినవారికి తొందర లేదు. బయట కోతులు ఎక్కువ. అరటిపండ్ల సంచి చేత్తో పట్టుకుని నిలబడకూడదు.

తిరుగుదారిలో అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఆగాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లనే అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. అరకు అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రగా పండిన కాఫీ పండును నొక్కితే జిగురుతో రెండు గింజలు బయటికి జారుతాయి, ఆ జిగురు తియ్యగా ఉంటుంది. అక్కడ గంటన్నర కూర్చున్నాం. మా జాబితాలో ఉన్న ఒక జలపాతాన్ని వదిలేశాం. దాన్ని వదిలేసినందుకు ఎవరూ బాధపడలేదు. ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పేవారిని ముందు సీట్లో కూర్చోబెట్టాలి. శీతాకాలంలో అక్కడ తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టరుతో పాటు చెవులకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు తప్పనిసరి.

ఎనిమిదో పని: ఇంటికి వచ్చాక

వారంలోపు ఒకరింట్లో కలిసి లెక్క చూసుకోవాలి. మిగిలిన సొమ్మును తిరిగి పంచవచ్చు, అందరూ ఒప్పుకుంటే తర్వాతి యాత్రకు ఉంచవచ్చు. ఆ రోజే నోటుబుక్కు చివరి పేజీలో ఎవరికి ఏది ఇబ్బంది కలిగించిందో రాసుకోవాలి. నోటితో చెప్పలేనివారి కోసం మేము చీటీలు తలా ఒకటి పంచుతాం, పేరు రాయనక్కర్లేదు. అరకు నుంచి వచ్చాక వచ్చిన చీటీల్లో ఒకదాని మీద "పొద్దున్నే ఇంకో కాఫీ ఇప్పించండి" అని, మరొకదాని మీద "రాత్రి పేకాట పదిగంటలకు ఆపండి" అని ఉంది.

యాత్రకూ యాత్రకూ మధ్య జట్టు చెదిరిపోకుండా వారానికొకసారి కలుస్తుంటాం. ఆడవాళ్లు బుధవారం సాయంత్రాలు కోలాటం నేర్చుకుంటున్నారు, మగవాళ్లం ఆ పూట ఉప్మానో పెసరట్లో చేసి పెడతాం. మోకాలు వాచిన వదినగారు కోలాటంలో కుర్చీ వేసుకుని తాళం వేస్తారు. వచ్చే మాఘంలో వెళ్లవలసిన చోటును ఈసారి ఆవిడే ఎంచుతారు.