4294967297ని ఒక్క భాగహారంతో పట్టేయొచ్చు

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇది ప్రధాన సంఖ్యేనా అని చూడాలంటే 3, 7, 11 అంటూ వరసపెట్టి భాగించుకుంటూ కూర్చోకండి, తెల్లారిపోతుంది.

2ను ఐదుసార్లు వర్గం చేసి (4, 16, 256, 65536, 4294967296) 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది, అంటే 2³²+1. ఇలా 2ను పదేపదే వర్గం చేసి 1 కలిపితే వచ్చేవాటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా అనుకున్నాడు. 1732లో మరో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ దీన్ని రెండు కారణాంకాలుగా విడగొట్టేశాడు.

కిటుకు ఏంటంటే, దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యైనా 128 గుణిజం కంటే ఒకటి ఎక్కువే ఉండాలి. కాబట్టి చూడాల్సినవి 129, 257, 385, 513, 641... అంతే. వీటిలో 129, 513 మూడుతో పోతాయి, 385 ఐదుతో పోతుంది. 257 కూడా (256+1) ఫెర్మా సంఖ్యే. రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకు 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు కాబట్టి అదీ పోయింది. ఇక మిగిలింది 641. భాగించి చూడండి, సరిగ్గా 6700417 వస్తుంది.

ఆ భాగహారం కూడా బద్ధకమైతే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 641 అంటే 5×2⁷+1, అదే 5⁴+2⁴ కూడా. 5×2⁷ అంటే 640, 641కి ఒకటి తక్కువ కాబట్టి 641తో భాగిస్తే దానికి శేషం −1 అనుకోవచ్చు, నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి శేషం 1. 5⁴+2⁴ సరిగ్గా 641 కాబట్టి 5⁴కి, −2⁴కి శేషం ఒకటే. ఇప్పుడు 5⁴ స్థానంలో −2⁴ పెట్టండి: −2³²కి శేషం 1. అంటే 2³²+1కి శేషం సున్నా.

అన్నట్టు, దీన్ని ప్రోగ్రాంలో సరిచూసేవాళ్లు 64 బిట్ల పూర్ణాంకం వాడండి. 32 బిట్లలో పెడితే పైబిట్టు ఎగిరిపోయి 1 మాత్రమే మిగులుతుంది.