అమ్మవారి కథల వ్యాఖ్యానాలు చదవడం ఎలా? నాలుగో పాఠం: మూలం ఎక్కడ ఆగింది?

రాజ్యం పోగొట్టుకున్న సురథుడికీ, సొంతవాళ్లే వెళ్లగొట్టిన సమాధి అనే వైశ్యుడికీ మేధసుడనే ఋషి చెప్పిన కథలే దుర్గా సప్తశతి అనీ, అవి మార్కండేయ పురాణంలో 13 అధ్యాయాలుగా ఉన్నాయనీ గత పాఠంలో తెలుసుకున్నాం. ఈ పాఠంలో అలవరచుకోవలసిన నేర్పు ఒక్కటే: ఈ కాలపు వ్యాఖ్యానం చదువుతున్నప్పుడు గాని, ప్రవచనం వింటున్నప్పుడు గాని, మూలం మాట ఎక్కడ ముగిసిందో, వ్యాఖ్యాత మాట ఎక్కడ మొదలైందో పట్టుకోవడం.

విజయనగరం వాళ్లకు ఈ తేడా కొత్తది కాదు. పైడితల్లి అమ్మవారి పండగనాడు చింతమానుతో చేసిన సిరిమాను కొన మీద పూజారి కూర్చోవడం, అది అమ్మవారి ఆలయమైన చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరగడం మనం కళ్లారా చూసేవి. ఆ మాను దేనికి సంకేతమో చెప్పడం వ్యాఖ్యానం. రెండూ భక్తితోనే పుడతాయి గాని, రెండూ ఒకటి కావు.

సాధనకు 8వ అధ్యాయంలోని రక్తబీజుడి వధ తీసుకుందాం. మా మామ్మ పారాయణ పుస్తకంలో ఈ అధ్యాయం అంచులు కుంకుమ వేళ్లు తగిలి ఎర్రబడిపోయాయి. ఒక శ్లోకం పక్కన ఆవిడ పెన్సిలుతో "ఇక్కడ ఆగాలి" అని రాసుకుంది. ఆవిడ ఎందుకు ఆగమందో నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

నోటుపుస్తకంలో పేజీ మధ్యగా నిలువు గీత గీయండి. ఎడమవైపు మూలంలో జరిగినది మాత్రమే రాయాలి. రక్తబీజుడి ఒంటి నుంచి నేల మీద పడిన ప్రతి రక్తబిందువు నుంచీ అంతటి అసురుడే పుడుతున్నాడు, దేవతల శక్తులైన మాతృకలు కొట్టేకొద్దీ జగమంతా అసురులతో నిండుతోంది, దేవతలు భయపడ్డారు, దేవి కాళితో "చాముండే విస్తీర్ణం వదనం కురు" (చాముండా, నోరు పెద్దగా తెరువు) అని, రక్తం నేల మీద పడకుండా తాగమంది. కుడివైపు వ్యాఖ్యాత మాట రాయాలి. రక్తబీజుడంటే కోరిక, ఒకటి తీరితే పది పుడతాయి, నేల అంటే మనస్సు అని చాలామంది చెబుతారు. "అంటే", "అంతరార్థం", "మనలోని" అనే మాటలు వచ్చాయంటే కుడివైపుకు దాటామని గుర్తు. రక్తబీజుడికి వరం ఉందనే మాట కూడా తరచు వినిపిస్తుంది. అది ఈ అధ్యాయంలో లేదు కనుక ఎడమవైపు రాయకూడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. కోరిక నేలకు చేరకుండా అడ్డుకుంటే ఇక పుట్టదని కొందరు వ్యాఖ్యాతలు ముగిస్తారు. వినడానికి బాగుంది. కాని మామ్మ గుర్తు పెట్టిన శ్లోకం "ముఖే సముద్గతా యేఽస్యా రక్తపాతాన్మహాసురాః" అంటోంది. రక్తం పడి చాముండ నోట్లో సైతం అసురులు పుట్టారు; ఆవిడ వాళ్లను నమిలేసి, ఆ రక్తం తాగింది. అంటే పుట్టుక ఆగలేదు, పుట్టినవాడికి నిలబడే చోటు దొరకలేదు. ఈ ఒక్క వివరంతో కుడివైపు అర్థం మారిపోతుంది: కోరిక రాకుండా చేసుకోవడం సాధన కాదు, వచ్చినదాన్ని వచ్చినచోటే అమ్మకు అప్పగించడం సాధన. నా దృష్టిలో మంచి వ్యాఖ్యానానికి కొలత ఇదే. తన అర్థానికి ఇమడని శ్లోకాన్ని దాటవేయకుండా, దాని ముందు ఆగి, తన మాటను దిద్దుకునేదే మంచి వ్యాఖ్యానం. 18వ శతాబ్దంలో భాస్కరరాయలు రాసిన గుప్తవతి వంటి పాత వ్యాఖ్యలు పదం పదం పట్టుకుని నడుస్తాయి కనుక, సంస్కృతం కొద్దిగా వచ్చినవారు పక్కన పెట్టుకుంటే ఎంతో మేలు.

వచ్చే పాఠానికి అభ్యాసం: మహిషాసురుడికి స్త్రీ చేతిలో తప్ప చావు లేదనే వరం ఉందని అందరం విన్నాం. 2, 3 అధ్యాయాలు నిదానంగా చదివి, ఆ వరం మాట ఏ శ్లోకంలో ఉందో వెతకండి. దొరికితే శ్లోకం సంఖ్యతో సహా ఎడమవైపు రాయండి. దొరకకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచండి.